చెక్కిన గిన్నెల మీద ఆక్సైడ్ వాష్: గ్లేజ్ ఎందుకు ముడుచుకుపోతోంది?

ప్రశ్న | సారె

స్టోన్‌వేర్ మట్టి, బిస్క్ (గ్లేజ్‌కి ముందు మొదటిసారి కాల్చడం) కోన్ 06, గ్లేజ్ ఫైరింగ్ కోన్ 6 (కోన్ అంటే కాల్చే వేడికి కొలత, 06 అంటే 6 కన్నా తక్కువ వేడి), ఎలక్ట్రిక్ కిల్న్ (కరెంటు బట్టీ). గిన్నెల బయటివైపు చెక్కుడు పని ఉంది. ఎర్ర ఐరన్ ఆక్సైడ్‌ని ఉత్త నీళ్లలో కలిపి (ఇదే వాష్) పూసి, స్పాంజితో తుడిచి, ట్రాన్స్‌పరెంట్ గ్లేజ్‌లో (కాలితే గాజులా మారే పూత) ముంచుతున్నాను. లోతు గీతల వెంబడి గ్లేజ్ ముడుచుకుపోయి మట్టి బయటపడుతోంది. ముంచిన ప్రతిసారీ బకెట్‌లో గ్లేజ్ కాస్త ఎర్రబడుతోంది కూడా.

ఇంకొకటి. తెల్ల గ్లేజ్ మీద కోబాల్ట్ కార్బొనేట్‌తో గీసిన గీతలు నడుమ నల్లగా లోహంలా మెరుస్తూ, అంచుల్లో కిందికి జారుతున్నాయి. నీలం ఎక్కడా లేదు. పాళ్లు ఎలా ఉండాలి?

జవాబు | పచ్చిమట్టి

ఉత్త నీళ్లలో కలిపిన ఆక్సైడ్ ఎండాక మళ్లీ పొడే. దాని మీద గ్లేజ్ వేయడమంటే దుమ్ము పట్టిన గోడకి రంగు వేసినట్టే, పట్టు దొరకదు. గ్లేజ్ ఎండేటప్పుడు ఆ పొడి మీద సన్నగా పగులుతుంది. కరిగేటప్పుడు తలతన్యత వల్ల పగులుకి రెండు వైపులా ఉన్న గ్లేజ్ చెరో పక్కకీ లాక్కుంటుంది. ఎండిన గిన్నెని కిల్న్‌లో పెట్టేముందు భూతద్దంతో చూడండి. గీత వెంబడి వెంట్రుకంత పగులు కనిపించిందంటే కాల్చాక ముడుచుకునేది సరిగ్గా అక్కడే. వేలితో మెల్లగా రుద్ది పగులు పూడ్చవచ్చు గానీ, కింద పొడి మందంగా ఉంటే అది చాలదు.

వాష్‌లో ఫ్రిట్ (ముందే కరిగించి పొడి చేసిన గాజు) కలపండి. ఐరన్‌కైతే బరువులో సమపాళ్లు: ఆక్సైడ్ 50 గ్రాములు, ఫెర్రో 3134 ఫ్రిట్ 50 గ్రాములు. ఫ్రిట్ కరిగి ఆక్సైడ్‌ని మట్టికి అతికిస్తుంది. అడుగున గడ్డకట్టకుండా 2 గ్రాముల బెంటొనైట్ (బాగా జిగటగా ఉండే బంకమట్టి పొడి) వేయండి, దాన్ని ముందు పొడి మీదే కలిపి తర్వాత నీళ్లు పోయాలి. 100 మెష్ జల్లెడ పట్టండి. గీతలు మరీ మెత్తబడి గ్లేజ్‌లోకి పాకుతుంటే ఫ్రిట్‌లో సగం తీసి ఆ బరువుకి చైనా మట్టి వేయండి.

పలచన ఎంతంటే, వెన్న తీసిన పాలంత. కుంచెతో గోరు మీద రాస్తే కింద గోరు కనపడాలి. కనపడకపోతే ఇంకాస్త నీళ్లు పోయండి. ఐరన్ ఆక్సైడ్ పలచగా ఉన్నా రంగు ఇస్తుంది, మందంగా పూస్తే వచ్చేది లాభం కాదు, ముడతలే.

జవాబు | కోన్6

తుడవడం గురించి ఒక మాట. స్పాంజిని బాగా పిండి, ప్రతి తుడుపుకీ శుభ్రమైన వైపు తిప్పుకోవాలి. ఒకే వైపుతో తుడుస్తూ పోతే తీసిన రంగునే మళ్లీ పూసినట్టు, గిన్నె అంతా బురద రంగు పడుతుంది. స్పాంజిని గీతల దిశలో కాక అడ్డంగా లాగండి, లోపలి రంగు లోపలే ఉంటుంది.

తుడిచిన వెంటనే గ్లేజ్ వేయకండి. బిస్క్ నీళ్లు పీల్చుకుని ఉంటే గ్లేజ్‌ని పీల్చుకోదు, పూత పలచనవుతుంది. ఒక రాత్రి ఆరనివ్వండి.

బకెట్ ఎర్రబడేది ఊడిన పొడి వల్ల. ఫ్రిట్ ఉన్న వాష్ అయితే, తుడిచి ఆరాక మళ్లీ బిస్క్ వేడికి ఒకసారి కాల్చేయండి, ఇక వేలికి కూడా అంటదు. అదనపు ఫైరింగ్ వద్దనుకుంటే ముంచడం మాని గ్లేజ్‌ని స్ప్రే చేయండి. లేదా ఒక గిన్నెకి సరిపడా గ్లేజ్ వేరే పాత్రలో తీసుకుని పైనుంచి పోయండి, కారినది మళ్లీ బకెట్‌లో కలపకండి.

జవాబు | నీలిగీత

కోబాల్ట్ సంగతి వేరు. ఐరన్ పాళ్లు దానికి పెడితే నల్లగానే వస్తుంది, అంత బలమైన రంగు అది. పైగా కోబాల్ట్ తానే ఫ్లక్స్ (గ్లేజ్ తొందరగా కరిగేలా చేసేది), ఎక్కువైన చోట కింద ఉన్న గ్లేజ్‌ని కూడా పలచన చేసి జార్చేస్తుంది. నడుమ మెరిసే నలుపు అంటే గ్లేజ్ కరిగించుకోగా మిగిలిన ఆక్సైడ్.

కోబాల్ట్ కార్బొనేట్ 10, ఫ్రిట్ 50, చైనా మట్టి 40 తో మొదలుపెట్టండి. లేత నీలం కావాలంటే కార్బొనేట్ 5 కి తగ్గించండి. కార్బొనేట్ బదులు కోబాల్ట్ ఆక్సైడ్ వాడితే మూడింట రెండు వంతులు చాలు, కాకపోతే ఆక్సైడ్ గింజలు ముతకగా ఉండి నీలం చుక్కలు పడతాయి. గీతలకి కార్బొనేటే నయం.

పైన చెప్పిన ఫ్రిట్ వాష్ బిస్క్ మీదికి బాగానే ఉంటుంది. కాల్చని గ్లేజ్ మీద గీసేటప్పుడు మాత్రం ఫ్రిట్ ఎక్కువైతే గీత పాకుతుంది. నేనైతే అక్కడ ఫ్రిట్‌ని 25 కి తగ్గించి, ఆ మేరకు కింద ఉన్న తెల్ల గ్లేజ్ పొడినే కలుపుతాను. దానితో అది ఎలాగూ కలిసిపోతుంది.

కుంచె గ్లేజ్‌కి పట్టేయకుండా సాఫీగా సాగాలంటే సి.ఎం.సి. గమ్ (నీళ్లలో నానే జిగురు పొడి) కావాలి. 1 గ్రాము గమ్‌ని 100 గ్రాముల నీళ్లలో చల్లి ఒక రాత్రి నాననివ్వండి, మర్నాడు కలిపి వాష్‌లో నీళ్ల బదులు అదే వాడండి. నిండా ముంచిన కుంచెతో ఒక్క గీత, మళ్లీ దాని మీదికి వెళ్లకూడదు. రెండోసారి లాగితే కింద గ్లేజ్ లేచి వస్తుంది. ప్రతిసారీ ముంచేముందు అడుగు నుంచి కలపండి. లేకపోతే మొదటి గిన్నె లేతగా, చివరి గిన్నె నల్లగా వస్తాయి.

తెల్ల గ్లేజ్‌లో ఏముందో కూడా చూసుకోండి. మెగ్నీషియం ఎక్కువ ఉంటే కోబాల్ట్ ఊదా వైపు తిరుగుతుంది. క్రోమ్ వాష్ వాడితే ఇంకా జాగ్రత్త: జింక్ ఉన్న గ్లేజ్‌తో అది గోధుమ రంగు అవుతుంది, టిన్ ఉన్న తెలుపుతో గులాబీ అవుతుంది. అదే షెల్ఫ్‌లో పక్కనున్న టిన్ తెలుపు గిన్నెకి కూడా క్రోమ్ ఆవిరి తగిలి గులాబీ మచ్చ పడుతుంది.

ప్రశ్న | సారె

గిన్నెల లోపలి వైపు కూడా గీతలు పెట్టవచ్చా? మాంగనీస్ డయాక్సైడ్ కూడా ఉంది, ముదురు గోధుమ రంగుకి పనికొస్తుందా?

జవాబు | కోన్6

తిండి తగిలే చోట వద్దు. ఆక్సైడ్ ఎక్కువగా పేరుకున్న గీత గ్లేజ్‌లో పూర్తిగా కలిసిపోదు, పుల్లటి పదార్థానికి కరిగి వస్తుంది. రాగి ఇందులో మరీ చెడ్డది. లోపలికి రంగు ఆక్సైడ్లు లేని, బాగా కరిగి నునుపుగా వచ్చే లైనర్ గ్లేజ్ వేసి, అలంకరణ బయటే ఉంచండి. నిమ్మచెక్కని ఒక రాత్రి గ్లేజ్ మీద బోర్లించి రంగు మారిందా అని చూస్తారు. మారితే ఆ గ్లేజ్ పనికిరాదని తేలినట్టే. మారకపోతే మాత్రం సురక్షితమని తేలినట్టు కాదు, దానికి ల్యాబ్ పరీక్షే కావాలి.

మాంగనీస్ 1080 డిగ్రీల దగ్గర ఆక్సిజన్ వదులుతుంది, మందంగా ఉంటే గ్లేజ్‌లో పొక్కులు లేస్తాయి. దాని ధూళి, కిల్న్‌లో వచ్చే పొగ రెండూ నరాలకి హాని చేస్తాయి. వాడితే ధూళికి తగిన మాస్క్‌తోనే తూచండి, బల్లని ఊడ్చకుండా తడిగుడ్డతో తుడవండి, కాలుతున్నంతసేపూ కిల్న్ గదిలో ఉండకండి. ముదురు గోధుమకి ఐరన్ వాష్‌లో నూటికి 5 పాళ్లు కోబాల్ట్ కార్బొనేట్ కలిపి చూడండి, చాలావరకు మాంగనీస్ అవసరమే రాదు.