రైజెన్ 2600 తీసి 5600 వేస్తే చాలా, బోర్డుతో సహా మార్చాలా? పెళ్లి ఆల్బమ్, 4కె వీడియో పని

మహేంద్రతనయ_స్టూడియో, పర్లాకిమిడి:

అందరికీ నమస్కారం. స్టూడియో మెషీన్ గురించి సలహా కావాలి.

ఉన్నది: రైజెన్ 5 2600, బీ450ఎం బోర్డు (ర్యామ్ స్లాట్లు రెండే), 16 జీబీ డీడీఆర్4 2666 ఒకటే స్టిక్, జీటీఎక్స్ 1650 4 జీబీ, 240 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ, 2 టీబీ హార్డ్ డిస్క్, 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్, 600 వీఏ యూపీఎస్. విండోస్ 10.

పని: ఫోటోషాప్‌లో 12×36 అంగుళాల కరిజ్మా (పెళ్లి ఆల్బమ్) షీట్లు, ప్రీమియర్ ప్రోలో 4కె పెళ్లి వీడియో. పీఎస్‌డీ సేవ్ కొడితే టీ తాగి రావచ్చు. కొత్త కెమెరా ఫుటేజ్ టైమ్‌లైన్‌లో వేస్తే బొమ్మ ఆగి ఆగి వస్తోంది, పాత కెమెరాది మాత్రం బాగానే ఆడుతోంది. బరంపురంలో అడిగితే "మీ ఏఎం4 సాకెట్ పనైపోయింది, కొత్త సాకెట్ ఏఎం5 బోర్డు, రైజెన్ 7600, డీడీఆర్5 ర్యామ్ వేసేయండి" అన్నారు. శ్రీకాకుళంలో "5600 వేస్తే చాలు" అన్నారు. మాఘమాసం ముహూర్తాలు మొదలయ్యేలోగా తేల్చుకోవాలి. ఎవరి మాట వినాలి?

నాగావళి_రాయగడ:

గురూ, ఇద్దరి మాటా పక్కన పెట్టండి. "పాత కెమెరాది బాగానే ఆడుతోంది" అన్నారు చూడండి, అసలు విషయం అక్కడే ఉంది. ఏదీ కొనకముందు పది నిమిషాల పరీక్ష ఒకటి చేయండి.

టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్‌లో సీపీయూ గ్రాఫ్ మీద రైట్ క్లిక్ చేసి లాజికల్ ప్రాసెసర్స్ పెట్టండి, 12 గళ్లు వస్తాయి. కింద జీపీయూలో వీడియో డీకోడ్ అనే గ్రాఫ్ ఉంటుంది. టైమ్‌లైన్‌లో కొత్త ఫుటేజ్ ఆడిస్తూ ఆ రెండూ, మెమరీ, డిస్క్ అంకెలు రాసుకోండి. 12 గళ్లూ నిండిపోయి వీడియో డీకోడ్ సున్నా దగ్గరే ఉంటే, కార్డు ఆ ఫైలుని ముట్టుకోవడం లేదు, బరువంతా ప్రాసెసరే మోస్తోంది. సీపీయూ ఖాళీగా ఉండి డిస్క్ 100 చూపిస్తే దోషం మీ హార్డ్ డిస్క్‌ది. అప్పుడు ఏ ప్రాసెసర్ వేసినా దండగే.

ఇంకోటి. క్లిప్‌ని మీడియాఇన్ఫో (వీడియో ఫైలు వివరాలు చూపే టూల్) లో తెరిచి క్రోమా సబ్‌శాంప్లింగ్, బిట్ డెప్త్ అనే రెండు వరుసలు ఇక్కడ పెట్టండి.

మహేంద్రతనయ_స్టూడియో:

చూశాను. సీపీయూ 96 నుంచి 100. వీడియో డీకోడ్ 0. మెమరీ 15.9లో 15.1. హార్డ్ డిస్క్ 30 లోపే. మీడియాఇన్ఫోలో హెచ్‌ఈవీసీ, 4:2:2, 10 బిట్స్. పాత కెమెరా క్లిప్ ఏవీసీ, 4:2:0, 8 బిట్స్.

నాగావళి_రాయగడ:

అనుకున్నదే. హెచ్‌ఈవీసీ, ఏవీసీ అంటే వీడియోని కుదించే పద్ధతులు. 4:2:2లో రంగు వివరం 4:2:0 కంటే ఎక్కువ. 1650 కార్డు హెచ్‌ఈవీసీ 10 బిట్‌ని 4:2:0లో అయితే తనే విప్పుతుంది. 4:2:2 దాని వల్ల కాదు. ఎన్‌విడియాలో 4:2:2 విప్పడం 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌తోనే మొదలైంది. అంతకు ముందు కార్డు 1650 అయినా 4090 అయినా ఈ విషయంలో ఒకటే.

బరంపురం సలహా బెడిసికొట్టేదీ ఇక్కడే. రైజెన్ 7600లో చిన్న గ్రాఫిక్స్ ఉంది గానీ అది కూడా 4:2:2 విప్పదు. బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ మూడూ కొత్తవి కొని, చివరికి ఆ ఫైలుని మళ్లీ ప్రాసెసర్ బలం మీదే లాగాలి. 2600 కంటే నయంగా లాగుతుంది, కాదనను. కానీ పెట్టే డబ్బుకి అది సరైన మందు కాదు.

పైసా ఖర్చు లేని దారి కెమెరాలోనే ఉంది. హెచ్‌ఈవీసీ రికార్డింగ్ మెనూలో 4:2:0 10 బిట్ ఉంటే అది పెట్టండి. సోనీ వాటిలో ఎక్స్‌ఏవీసీ హెచ్‌ఎస్ కింద చాలా మోడళ్లలో ఉంటుంది. ఎక్స్‌ఏవీసీ ఎస్‌లో 10 బిట్ పెడితే మాత్రం అది 4:2:2 అవుతుంది, అక్కడ పొరపాటు పడకండి. పెళ్లి వీడియోకి 10 బిట్ ముఖ్యం, మండపం లైట్ల కింద చర్మం రంగు సవరించాలి కాబట్టి. 4:2:2కీ 4:2:0కీ తేడా గ్రీన్ స్క్రీన్ పనిలో తెలుస్తుంది, తలంబ్రాల సీన్‌లో కాదు.

ఇప్పటికే తీసేసిన ఫుటేజ్‌కి ప్రాక్సీలు (ఎడిటింగ్ కోసం తేలికపాటి నకలు ఫైళ్లు) చేసుకోండి. ప్రాజెక్ట్ ప్యానెల్‌లో క్లిప్పులన్నీ ఎంచి రైట్ క్లిక్, ప్రాక్సీ, క్రియేట్ ప్రాక్సీస్. మీడియా ఎన్‌కోడర్ తయారుచేసి తనే తగిలిస్తుంది. బటన్ ఎడిటర్‌లోంచి టాగిల్ ప్రాక్సీస్ బటన్ కిందకి తెచ్చుకోండి. ఎక్స్‌పోర్ట్‌లో యూజ్ ప్రాక్సీస్ టిక్ పెట్టనంతవరకు అసలు ఫైలే వాడుతుంది. రాత్రి మొత్తం ఒకేసారి వదిలేయకండి. కరెంటు పోతే 600 వీఏ యూపీఎస్ కొన్ని నిమిషాలకే చేతులెత్తేస్తుంది, క్లిప్పులు ఇరవై ఇరవై చొప్పున పెట్టుకోండి.

ప్రాణహిత_ఒడ్డు, సిరొంచ:

నాగావళి అన్నా, మీరు చెప్పింది కరెక్టే గానీ ఇంటెల్ ముచ్చట మరిచిన్రు. 11వ తరం నుంచి క్విక్ సింక్ (ఇంటెల్ ప్రాసెసర్ గ్రాఫిక్స్‌ల ఉండే వీడియో విప్పే భాగం) హెచ్‌ఈవీసీ 4:2:2 10 బిట్ విప్పుతది. ఐ5 12400 తీసుకుని, డీడీఆర్4 రకం హెచ్610 గానీ బీ660 గానీ బోర్డు వేస్తే పాత ర్యామ్ పాత కార్డు అన్నీ పనికొస్తయి, కెమెరా సెట్టింగు మార్చే పనే లేదు. ఒక్కటే చూసుకోవాలె: పేరు చివర ఎఫ్ ఉన్న 12400ఎఫ్ కొనొద్దు. దాంట్ల గ్రాఫిక్స్ ఉండదు, అంటే క్విక్ సింకే ఉండదు. కొంచెం చవక అని దుకాణాల్ల అదే చేతుల పెడతరు. బోర్డు కూడా డబ్బా మీద డీడీఆర్4 అని చదివి తీసుకో, ఒకే పేరుతో రెండు రకాలు వస్తయి.

నాగావళి_రాయగడ:

ఒప్పుకుంటాను. క్లయింటో, వేరే కెమెరామెనో 4:2:2 ఫుటేజే తెచ్చిస్తాడు, సెట్టింగు మన చేతిలో లేదు అంటే మీ దారే మేలు. కానీ ఇందులో బోర్డు మారుతోంది. విండోస్ లైసెన్స్ ఓఈఎం (మెషీన్‌తో పాటు వచ్చినది) అయితే పాత బోర్డుతోనే పోతుంది, ఆ ఖర్చు కూడా వేసుకోవాలి. ప్రాసెసర్ ఒక్కటే మారితే సాధారణంగా ఆ గొడవ రాదు.

కెమెరా సొంతమే కాబట్టి మహేంద్రతనయ గారికి నేను చెప్పేది 5600, ఇంకో 16 జీబీ స్టిక్.

ముందు ర్యామ్. 12×36 షీటు 300 డీపీఐలో 10,800 × 3,600 పిక్సెళ్లు, అంటే 3.89 కోట్లు. 8 బిట్ రంగులో పిక్సెల్‌కి 3 బైట్లు. షీటు నిండా ఉన్న లేయర్ ఒక్కటే దాదాపు 117 ఎంబీ, అలాంటివి 15 పెడితే 1.75 జీబీ. దాని మీద హిస్టరీ, పక్కన తెరిచి ఉంచిన మరో మూడు షీట్లు. 15.1 నిండిందంటే మిగతాది స్క్రాచ్ డిస్క్‌కి (ర్యామ్ నిండితే ఫోటోషాప్ డిస్కులో వాడుకునే చోటుకి) పోతోంది. ఒకే స్టిక్ ఉంటే ర్యామ్‌కి దారి కూడా ఒకటే, రెండోది పడితే డ్యుయల్ చానల్ అవుతుంది. వీలైతే అదే కంపెనీ, అదే స్పీడు చూడండి. స్పీడు వేరైతే రెండూ తక్కువదాని వేగానికే నడుస్తాయి.

సేవ్ ఆలస్యానికి ఈరోజే చేయదగ్గది ఒకటుంది. ఫోటోషాప్ ప్రిఫరెన్సెస్, ఫైల్ హ్యాండ్లింగ్‌లో పీఎస్‌డీ కంప్రెషన్ ఆపేసే టిక్ పెట్టండి. ఫైలు లావవుతుంది, సేవ్ మాత్రం చాలా తొందరగా అవుతుంది. లావయ్యాక 2 జీబీ దాటితే పీఎస్‌డీగా సేవ్ కాదు, పీఎస్‌బీ ఎంచుకోవాలి.

ఇక ప్రాసెసర్. ఏఎండీ చెప్పిన లెక్కనే తీసుకుంటే, అదే క్లాకుకి 2600 తర్వాతి తరం డిజైన్ జెన్ 2 వచ్చినప్పుడు 15 శాతం, 5600లో ఉన్న జెన్ 3 వచ్చినప్పుడు 19 శాతం పెరిగింది. క్లాకు 3.9 నుంచి 4.4 గిగాహెర్ట్జ్ అయింది. మూడూ గుణిస్తే ఒక్కో కోర్ ఒకటిన్నర రెట్లు. ఫోటోషాప్ నడిచేది ఎక్కువగా ఒకటి రెండు కోర్ల మీదే, కాబట్టి తేడా చేతికి తెలుస్తుంది. ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగవంతమైన మెమరీ) కూడా 16 ఎంబీ నుంచి 32 అవుతుంది. రెండూ 65 వాట్లే, మీ బోర్డుకీ ఎస్‌ఎంపీఎస్‌కీ కొత్త బరువేం లేదు. 5500 జోలికి వెళ్లకండి, దాంట్లో క్యాష్ 16 ఎంబీయే. ఎక్స్‌పోర్ట్‌లు ఎక్కువైతే 8 కోర్ల 5700ఎక్స్ చూడొచ్చు, అదీ 65 వాట్లే. 105 వాట్లవి మాత్రం వీఆర్‌ఎం (ప్రాసెసర్‌కి కరెంటు అందించే భాగం) మీద హీట్‌సింక్ లేని బోర్డులో, అదీ మే నెలలో ఏసీ లేని గదిలో, వద్దు.

కోరాపుట్_చిప్‌లెవెల్, జయపురం:

బిగించడం గురించి ఎవరూ చెప్పలేదు, పాడయ్యేది అక్కడే.

బయోస్ (మెషీన్‌ని స్టార్ట్ చేసే, బోర్డులోని సాఫ్ట్‌వేర్) పాత ప్రాసెసర్ ఉండగానే కొత్తది చేసుకోవాలి. 5600 వచ్చింది 2022 ఏప్రిల్‌లో. అంతకన్నా పాత బయోస్ మీద దాన్ని పెడితే తెర నల్లగానే ఉండొచ్చు, అందరూ ప్రాసెసర్ పాడైంది అనుకుంటారు. ఎంఎస్ఇన్ఫో32 అని కొడితే ఇప్పుడున్న వెర్షన్, తేదీ కనిపిస్తాయి. బోర్డు అంచున రివిజన్ నంబరు చూసి, సరిగ్గా ఆ రివిజన్ పేజీలోనే 5600 ఏ వెర్షన్ నుంచి పనిచేస్తుందో చదవండి. మధ్యలో ఇంకో వెర్షన్ ముందు వేయాలని రాసి ఉంటే అది దాటేయకండి. పెన్‌డ్రైవ్ ఎఫ్‌ఏటీ32లో ఫార్మాట్ చేసి, యూపీఎస్ నిండా చార్జ్ అయ్యాక, బయోస్‌లోనే ఉన్న టూల్‌తో ఫ్లాష్ చేయండి. అయ్యాక డీఫాల్ట్స్ లోడ్ చేయండి.

ఫ్లాష్ చేయకముందే బిట్‌లాకర్ గానీ డివైస్ ఎన్‌క్రిప్షన్ గానీ (డిస్కుకి తాళం వేసే విండోస్ సౌకర్యాలు) ఆన్‌లో ఉందేమో చూసి, 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకుని, సస్పెండ్ చేయండి, ప్రాసెసర్ మార్చేముందు మళ్లీ చేయండి. కొత్త ప్రాసెసర్ పెట్టాక మొదటిసారి ఎఫ్‌టీపీఎం (తాళం చెవులు దాచే, ప్రాసెసర్‌లోని భద్రతా భాగం) మారిందని, వై నొక్కాలా ఎన్ నొక్కాలా అని అడుగుతుంది. కీ చేతిలో ఉంటేనే వై. ఎన్ నొక్కితే కొత్త ప్రాసెసర్‌లో ఎఫ్‌టీపీఎం పనిచేయదు, విండోస్ 11 ఎక్కేటప్పుడు అడ్డొస్తుంది. విండోస్ 10 సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, ఎలాగూ మారాలి. 2600 కూడా 11 లిస్టులో ఉన్నదే, అందుకోసమని మాత్రం ప్రాసెసర్ కొనక్కర్లేదు.

కూలర్ తీసేటప్పుడు నేరుగా పైకి లాగితే ఏళ్లనాటి పేస్టు బంకలా పట్టేసి, లివర్ వేసి ఉన్నా సరే, సాకెట్‌లోంచి ప్రాసెసర్ ఊడొస్తుంది. ఏఎం4లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి, వంగేది అవే. పదిహేను నిమిషాలు ఏదైనా ఎక్స్‌పోర్ట్ నడిపి, వేడి మీద ఉండగా ఆపి, ప్లగ్గు తీసి, కేబినెట్ పడుకోబెట్టి నాలుగు స్క్రూలు విప్పండి. నిలబెట్టి విప్పితే వెనక ప్లేటు జారి పడిపోతుంది. కూలర్‌ని కుడికీ ఎడమకీ మెల్లగా తిప్పుతూ, వదులయ్యాకే ఎత్తండి. కొత్తది పెట్టేటప్పుడు బంగారు త్రికోణం గుర్తుకి గుర్తు కలిపి వదిలేస్తే దానంతటదే దిగాలి. నొక్కాల్సి వస్తోందంటే ఎక్కడో పిన్ను వంగింది. పేస్టు బఠాణీ గింజంత చాలు. స్క్రూలు ఐమూలగా కొంచెం కొంచెం బిగించండి, ఫ్యాన్ వైరు సీపీయూ ఫ్యాన్ అని రాసిన చోటే పెట్టండి. 5600 గరిష్ఠ ఉష్ణోగ్రత 90 డిగ్రీలు. ఎక్స్‌పోర్ట్‌లో ఎప్పుడూ అక్కడే తచ్చాడుతుంటే కూలర్ సరిగా కూర్చోలేదు.

మహేంద్రతనయ_స్టూడియో:

కెమెరాలో 4:2:0 10 బిట్ దొరికింది. ఒక క్లిప్ తీసి వేశాను, వీడియో డీకోడ్ 40 దాకా లేచింది, సీపీయూ 35కి దిగింది, ఆగడం లేదు. పీఎస్‌డీ టిక్ కూడా పెట్టాను. ముందు ర్యామ్ తెస్తాను. 5600 ట్రే పీస్ (డబ్బా లేకుండా అమ్మేది) తక్కువకి ఉంది, తీసుకోవచ్చా?

కోరాపుట్_చిప్‌లెవెల్:

ట్రేలో కూలర్ రాదు, మీ 2600 కూలరే సరిపోతుంది, ఇబ్బంది లేదు. వారంటీ మాత్రం అమ్మినవాడి మాట మీదే, బిల్లులో ఎన్నాళ్లో రాయించుకోండి. డబ్బా పీస్ అయితే ఏఎండీ వారంటీ మూడేళ్లు. సెకండ్‌హ్యాండ్‌లో 5650జీ లాంటి రైజెన్ ప్రో చూపిస్తే వద్దనండి. కొన్ని బ్రాండెడ్ ఆఫీసు మెషీన్లలోంచి తీసినవి ఆ కంపెనీ బోర్డుకే లాక్ అయి ఉంటాయి, మీ బోర్డులో వెలగవు.