టెక్సాస్ పల్లెలో నాన్నని షెరిఫ్ మనుషులు ఆపారు, షెరిఫ్ అంటే మన ఎస్సై లాంటోడేనా?

బ్రాడీపేట_బాబు:
అన్నలూ అర్జెంట్ డౌట్. మా బావ డాక్టరు, జే వన్ వేవర్ (చదువయ్యాక ఇండియాకి తిరిగెళ్ళాలన్న షరతు నుంచి మినహాయింపు) కింద టెక్సాస్ లో ఓ మారుమూల ఊరి హాస్పిటల్లో 3 ఏళ్ళు చెయ్యాలి, ఇల్లేమో ఊరి బయట, చుట్టూ గడ్డి పొలాలు, పక్కింటికి వెళ్ళాలన్నా కారు తియ్యాలి. అమ్మానాన్న పోయిన నెల గుంటూరు నుంచి వెళ్ళారు. నాన్నకి తెల్లారుజామున నాలుగున్నరకే లేచి నడిచే అలవాటు, ఇక్కడైతే ఎన్టీఆర్ స్టేడియం, అక్కడ ఏముంది రోడ్డే. పంచె, మంకీ క్యాప్, కుక్కలొస్తాయని చేతిలో ఓ కర్ర. ఆ చీకట్లో వెనక నుంచి కారొచ్చి ఆగింది, రంగు లైట్లు వెలిగాయి. ఈయన మార్నింగ్ వాక్, డాటర్ హౌస్ అంటూనే అక్కకి ఫోన్ చేద్దామని జేబులో చెయ్యి పెట్టాడంట, అతను గట్టిగా అరిచాడంట. తర్వాత మళ్ళీ నవ్వుతూనే మాట్లాడి కారులో ఇంటి దగ్గర దించి అక్కతో మాట్లాడి పోయాడు. నాన్నేమో షెరిఫ్ గారి జీపులో వచ్చానని బంధువులందరికీ వాట్సాప్ కాల్ చేసి చెప్తున్నాడు, అమ్మేమో పోలీసోళ్ళు గుమ్మం తొక్కారని ఒకటే ఏడుపు. ఇది కేసేమన్నా అవుద్దా? వీసాకి ఏమన్నా తేడా వస్తదా?

మంగళగిరి_టు_డల్లాస్:
కేసూ లేదు గీసూ లేదు తమ్ముడూ, అమ్మని ఊరుకోమను. ముందు ఒకటి, వచ్చినోడు షెరిఫ్ కాదు, డిప్యూటీ, అంటే ఆయన కింద పనిచేసేవాడు. షెరిఫ్ అంటే కౌంటీ (మన జిల్లా లాంటిది) మొత్తానికి ఒక్కడే, టెక్సాస్ లో 254 కౌంటీలు, ప్రతిదానికీ ఒకడు, 4 ఏళ్ళకోసారి జనం ఓట్లేసి గెలిపించాలి. ఎస్సై, ఎస్పీ లాగా పరీక్ష రాసి వచ్చే పోస్టు కాదు, మన ఎమ్మెల్యే లాగా రోడ్ల పక్కన పేరు బోర్డులు పాతించుకుని ఓట్లడుగుతాడు. టౌన్ లోపల టౌన్ పోలీసులు వేరే ఉంటారు, టౌన్ దాటాక పొలాలూ విడి ఇళ్ళూ అన్నీ షెరిఫ్ కిందే. కౌంటీ జైలు కూడా ఆయనదే, కోర్టు నోటీసులు ఇచ్చే పని కూడా వీళ్ళకుంటుంది.

ఇంక గస్తీ సంగతి. చిన్న కౌంటీల్లో రాత్రిపూట రెండు మూడు కార్లే తిరుగుతాయి, మన మండలాలు ఎన్నో కలిపినంత ఏరియా. కాల్ వస్తే అరగంట డ్రైవింగ్ మామూలే. అందుకే చీకట్లో ఎవరన్నా నడుస్తూ కనపడితే ఆగుతారు, ఎందుకంటే అక్కడ నడిచేవాళ్ళే ఉండరు, కారు చెడిపోయిందో, మతిమరుపు పెద్దాయన ఇంట్లోంచి వచ్చేశాడో అనుకుంటారు. అరిచింది మాత్రం జేబులో చెయ్యి పెట్టినందుకు, అక్కడ జేబులో తుపాకీ ఉండొచ్చు కదా. చేతులు కనపడేలా ఉంచి, ఫోన్ తియ్యాలంటే ముందు చెప్పి తియ్యాలి, ఈ ఒక్కటీ నాన్నకి నేర్పండి చాలు.

ఇంకో తమాషా, రాత్రి రోడ్డెక్కిన ఆవుల్ని పట్టేదీ వీళ్ళే. యజమాని దొరక్కపోతే షెరిఫ్ కట్టేయించి, ప్రకటన ఇచ్చి, చివరికి వేలం వేయిస్తాడు, టెక్సాస్ లో చట్టమే ఉంది. అచ్చం మన బందెలదొడ్డే.

రిటైర్డ్_హెచ్చీ:
ఆ డిప్యూటీ చేసింది తప్పేం కాదు నాయనా. నేను 79లో కానిస్టేబుల్ గా చేరా, గుంటూరు జిల్లా పల్లెల్లో సైకిల్ మీద నైట్ బీట్ తిరిగినోణ్ణి, టార్చిలైటు, లాఠీ, పాయింట్ దగ్గర పుస్తకంలో సంతకం. ఎవరు కనపడినా మేమడిగే మొదటి మాట, ఈ వేళప్పుడు ఎక్కడికి అని. మాకప్పట్లో ఊరికో మునసబు, తలారి ఉండేవాళ్ళు, కొత్త మనిషి ఊళ్ళో పండుకుంటే తలారి మునసబుకి చెప్పేవాడు, మునసబు స్టేషన్ కి కబురు పంపేవాడు. 1984లో రామారావుగారు మునసబు కరణాల్ని తీసేశాక ఆ దారం తెగింది. మునసబుల పెత్తనం తక్కువేం కాదులే, అది వేరే కథ. నాకు అర్థం కానిది ఒకటే, ఓట్లడిగి గెలిచినోడు రేపు ఓటేసినోడి కొడుకు తాగి బండి నడిపితే పట్టుకుంటాడా?

బెజవాడ_బుల్లోడు:
బాబాయ్ ఇక్కడ ఎలక్షన్ లేకుండానే ఫోన్లు వస్తాయిగా 😂 బండి పట్టుకున్న ఐదు నిమిషాలకి ఎవడో ఒకడి బావమరిది లైన్లో ఉంటాడు.

మంగళగిరి_టు_డల్లాస్:
మొహమాటాలు ఉండవని నేను చెప్పను బాబాయ్, చిన్న ఊళ్ళో అందరూ అందరికీ తెలుసు. కాకపోతే హైవే మీద స్టేట్ ట్రూపర్లు, అంటే రాష్ట్ర పోలీసులు తిరుగుతుంటారు, వాళ్ళు షెరిఫ్ మనుషులు కాదు, ఆయన మాట వినాల్సిన పని లేదు.

నరసరావుపేట_అమ్మాయి:
నేను కాన్సాస్ లో పల్లె లాంటి చోటే ఉన్నా, ఓసారి మా అమ్మ ఇంట్లో ఒక్కతే, నేను డ్యూటీలో, పది సార్లు చేసినా ఫోన్ ఎత్తట్లేదు, నాకు చేతులు వణికి షెరిఫ్ ఆఫీసు మామూలు నంబరుకి చేశా, ఎమర్జెన్సీ నంబరు 911కి కాదు. మనిషిని పంపి తలుపు కొట్టించారు. ఈవిడ ఫోన్ చార్జింగ్ లో పెట్టి వెనకాల కరివేపాకు కుండీకి నీళ్ళు పోస్తోంది. వెల్ఫేర్ చెక్ అంటారు, డబ్బులేం తీసుకోలేదు. ఊరెళ్తే ఇంటి మీద కన్నేసి ఉంచమన్నా చాలా చోట్ల డిప్యూటీలు ఓ చుట్టు తిరిగి చూస్తారు, ఆంధ్రాలో తాళం వేసిన ఇంటికి మన పోలీసులు ఎల్‌హెచ్‌ఎంఎస్ (తాళం వేసిన ఇళ్ళ నిఘా) కెమెరా పెట్టినట్టు కాకపోయినా.

నాన్నగారికి మెరిసే జాకెట్ ఒకటి కొనండి, రోడ్డుకి ఎడమ పక్కన, ఎదురొచ్చే బండ్లు కనపడేలా నడవమనండి, అక్కడ బండ్లు కుడి వైపు పోతాయిగా. అడ్రసు రాసిన కాగితం జేబులో పెట్టండి. 911 చెయ్యాల్సొస్తే తెలుగు, తెలుగు అంటే చాలు, చాలా చోట్ల ఫోన్లోనే తెలుగు వచ్చినవాళ్ళని కలుపుతారు. అన్నిటికన్నా ముందు మీ అక్కని పగటిపూట నాన్నని తీసుకుని ఆఫీసుకెళ్ళి ఈయన మా నాన్న, రోజూ ఈ టైముకి నడుస్తాడు అని చెప్పిరమ్మనండి.

బ్రాడీపేట_బాబు:
అప్‌డేట్. అక్క తీసుకెళ్ళి చెప్పొచ్చింది. జాకెట్ మాత్రం మున్సిపాలిటీ వాళ్ళేసుకునేది నేనెందుకు వేసుకుంటానని రెండు రోజులు అలిగాడు, ఇప్పుడు పంచె మీద అదే వేసుకుని పోతున్నాడు. ఆ డిప్యూటీ కనపడితే లైట్లు ఓసారి కొడతాడంట, ఈయన కర్ర ఎత్తుతాడంట. కర్ర ఎత్తొద్దు నాన్నా, చెయ్యి ఊపు అని మొత్తుకుంటున్నా. అమ్మ ఏడుపు మానేసి డబ్బా నిండా చెక్కలు వండింది, అతనికి ఇవ్వమని అక్క ప్రాణం తీస్తోంది. ఇవ్వొచ్చా? లంచం అనుకోడుగా?

మంగళగిరి_టు_డల్లాస్:
రోడ్డు మీద ఆపి చేతికి మాత్రం ఇవ్వొద్దు. ఆఫీసుకి తీసుకెళ్ళి అందరికీ అని చెప్పి కౌంటర్ దగ్గర పెట్టండి, కొన్ని చోట్ల ఇంట్లో వండినవి తీసుకోరు, ముందు అడగండి.

రిటైర్డ్_హెచ్చీ:
కారం ఎంతేసిందో కూడా అడుగు.