బేస్‌మెంట్ కాంక్రీట్ మీద ఫ్లోటింగ్ ఇంజినీర్డ్ వుడ్ ఫ్లోర్: స్లాబ్ మీద తెల్ల పొడి, గది మధ్యలో స్తంభం

నేలమాళిగ:
బేస్‌మెంట్‌లో 24 అడుగుల పొడవు, 16 అడుగుల వెడల్పు గది. నేల కాంక్రీట్ స్లాబ్, మధ్యలో 3 అంగుళాల గుండ్రటి ఇనుప స్తంభం. 5 అంగుళాల వెడల్పు, అర అంగుళం మందం క్లిక్ లాక్ పలకలు (పొరల చెక్క మీద అసలు చెక్క అంటించినవి, అంచులు ఒకదాన్లో ఒకటి ఇరుక్కునేవి) నేలకు మేకూ జిగురూ లేకుండా పొడవు వైపు పరవాలని ఉంది. ఒక గోడ వారగా స్లాబ్ మీద సుద్దలాంటి తెల్ల పొడి తేలింది. తుడిచేసి ప్లాస్టిక్ షీటు పరిస్తే సరిపోతుందా? కాలికి మెత్తగా తగలాలంటే ఫోమ్ రెండు పొరలు వేయొచ్చా? స్తంభం దగ్గర పలక ఎలా కోయాలి? చివరి వరుస సన్నటి ముక్కగా మిగలకుండా ఏం చేయాలి?

రసమట్టం:
ముందు ఆ తెల్ల పొడి సంగతి తేల్చండి, పలకల మాట తర్వాత. అది కాంక్రీట్‌లోని లవణం. స్లాబ్‌లోంచి పైకొచ్చిన నీరు ఆవిరైపోతూ దాన్ని అక్కడ వదిలేస్తుంది. తుడిస్తే పొడి పోతుంది గానీ నీళ్లు వచ్చే దారి మూసుకోదు. గోడకు అవతల, ఇంటి బయట చూడండి. చూరు నీళ్ల గొట్టం పునాది పక్కనే వదులుతుంటే దాన్ని కనీసం 5, 6 అడుగులు దూరం తీసుకెళ్లండి. మట్టి ఇంటివైపు వాలి ఉంటే, గోడ నుంచి మొదటి 10 అడుగుల్లో 6 అంగుళాలు బయటికి దిగేలా సరిచేయండి.

ఆ తర్వాత పరీక్ష. 18 అంగుళాల చదరం ప్లాస్టిక్ షీటు నాలుగు అంచులా టేపు వేసి, కనీసం 16 గంటలు వదిలేయండి. ఎత్తి చూసినప్పుడు అడుగున నీటి చుక్కలున్నా, కాంక్రీట్ నల్లబడినా చెమ్మ ఉన్నట్టే. పొడిగా కనిపించినంత మాత్రాన భరోసా లేదు, ఎందుకంటే ఈ పరీక్ష స్లాబ్ లోతులో ఏముందో చెప్పదు. నమ్మదగింది ప్రోబ్ పరీక్ష, అంటే రంధ్రంలో చిన్న సాధనం పెట్టి స్లాబ్ లోపలి తేమ శాతం కొలవడం. ఒకవైపే ఆరే స్లాబ్‌లో మందంలో 40 శాతం లోతుకు రంధ్రం వేయాలి. 4 అంగుళాల స్లాబ్ అయితే సుమారు 1.6 అంగుళాలు. ప్రోబ్ పెట్టి 24 గంటల తర్వాత రీడింగ్ తీస్తారు. మూడు చోట్ల చేయండి, అందులో ఒకటి ఆ తెల్ల గోడ దగ్గరే ఉండాలి. ఎంత శాతం దాకా పర్వాలేదన్నది పలకల పెట్టెలోని సూచనల కాగితంలో ఉంటుంది. వారంటీకి చెల్లేది ఆ అంకె ఒక్కటే.

గాడి_పలక:
ఫోమ్ రెండు పొరలు వద్దండి. క్లిక్ లాక్ గాడి పెదవి మందం కొద్ది మిల్లీమీటర్లే. కింద మెత్తగా ఉంటే అడుగు పడ్డప్పుడల్లా అతుకు కిందికి వంగి లేస్తుంది. కొన్ని నెలలకు ఆ పెదవి చిట్లిపోతుంది. మొదట కిర్రుమంటుంది, తర్వాత అతుకు విచ్చుకుంటుంది. తయారీదారు ఒప్పుకున్న 2 లేదా 3 మిల్లీమీటర్ల పొర ఒక్కటే వేయండి. దానికే ఆవిరి అడ్డుపొర అంటించి వస్తే వేరే ప్లాస్టిక్ అక్కర్లేదు. లేకపోతే 6 మిల్ (మిల్లీమీటర్ కాదు, అంగుళంలో వెయ్యో వంతు) పాలిథీన్ షీటు కింద, ఫోమ్ పైన. షీటు మీద షీటు 8 అంగుళాలు ఎక్కించి టేపు వేయండి, గోడ మీదికి 2 అంగుళాలు మడవండి. మిగిలింది స్కర్టింగ్ పెట్టే ముందు కోసేయొచ్చు.

చాలామంది ఫోమ్‌తో కప్పెయ్యాలని చూసే అసలు లోపం స్లాబ్ ఎత్తుపల్లాలు. 10 అడుగుల అల్యూమినియం బద్దను నేల మీద నలువైపులా తిప్పుతూ చూడండి. బద్ద కింద 3/16 అంగుళం కంటే ఎక్కువ సందు కనిపించకూడదు. స్లాబ్ ఒక పక్కకు వాలి ఉన్నా ఫర్వాలేదు, గుంటలూ గుబ్బలూ ఉండకూడదు. గుబ్బల్ని దుమ్ము లాగే వాక్యూమ్ తగిలించిన డైమండ్ కప్ గ్రైండర్‌తో అరగదీయాలి. కాంక్రీట్ దుమ్ములో ఉండే సిలికా ఊపిరితిత్తుల్ని పాడుచేస్తుంది, గుడ్డ కట్టుకుంటే ఆగదు, సరైన రెస్పిరేటర్ కావాలి. గుంటల్లో ప్రైమర్ పూసి లెవెలింగ్ కాంపౌండ్ పోయండి. తెల్ల పొడి మీద పోస్తే మాత్రం పట్టదు, పెళ్లలుగా లేస్తుంది. పాత టైల్స్ గానీ నల్లటి జిగురు గానీ ఉంటే ఆస్‌బెస్టాస్ పరీక్ష చేయించకుండా గ్రైండర్ పెట్టకండి.

నేలమాళిగ:
షీటు పరీక్ష చేశాను. మూడు చోట్ల పొడిగానే ఉంది, తెల్ల గోడ దగ్గర మాత్రం కాంక్రీట్ ముదురు రంగుకు తిరిగింది. ఆ మూల వరకే ఇంకో ప్లాస్టిక్ పొర వేసి కానిచ్చేయొచ్చా?

రసమట్టం:
వద్దు. ప్లాస్టిక్ ఆవిరిని ఆపగలదు, నీటిని కాదు. నీళ్లు షీటు కిందే పాకి, టేపు అతుకులో సందు దొరికిన చోట పైకొస్తాయి. అప్పుడు పలక అడుగు ఉబ్బుతుంది, పైభాగం ఉబ్బదు, అంచులు లేచి పలక దోనెలా వంగుతుంది. బయటి వాలు, గొట్టం సరిచేసి, గట్టి వాన ఒకటి పడ్డాక మళ్లీ షీటు పెట్టి చూడండి. అప్పుడూ నల్లబడితే స్లాబ్‌ను గ్రైండ్ చేసి రెండు భాగాల ఎపాక్సీ తేమ నిరోధక పూత వేయించాలి. తడి కంటికి కనిపించేంతగా ఉంటే ఆ గదికి చెక్క వద్దనే నా సలహా.

కొలతబద్ద:
చివరి వరుస లెక్క ఇది. 16 అడుగులు అంటే 192 అంగుళాలు. చెక్క ఉబ్బినప్పుడు జరగడానికి రెండు గోడల దగ్గరా వదిలే అర అంగుళం చొప్పున సందు తీసేస్తే 191. దాన్ని 5తో భాగిస్తే 38 నిండు వరుసలు పోయి 1 అంగుళం మిగులుతుంది. అంత సన్నటి ముక్క లాక్ పట్టదు, గోడ వారన నిలవదు. అందుకే ఒక నిండు వరుస తగ్గించి, దాని 5 అంగుళాలకు ఆ 1 కలిపి సగం చేయండి. మొదటి వరుస 3, చివరి వరుస 3, మధ్యలో 37 నిండు వరుసలు. మొదటి వరుస కోసేటప్పుడు గోడ వైపు అంచే కోయాలి, లాక్ ఉన్న అంచు గది వైపుండాలి. కొనేటప్పుడు 384 చదరపు అడుగులకు 10 శాతం కలిపి సుమారు 423 తెచ్చుకోండి.

పెట్టెలు అదే గదిలో, స్లాబ్‌కు తగలకుండా బద్దల మీద కనీసం 48 గంటలు ఉంచండి. ఈలోగా డీహ్యూమిడిఫైయర్ నడుస్తుండాలి. పరిచాక కూడా గాలిలో తేమ మీ పలకకు చెప్పిన హద్దులోనే ఉండాలి, చాలావాటికి అది 35 నుంచి 55 శాతం మధ్య. పక్కపక్క వరుసల్లో చివరి అతుకుల మధ్య కనీసం 10 అంగుళాల ఎడం పెట్టండి. సుత్తితో పలక అంచు మీద నేరుగా కొట్టకండి. మధ్యలో అడ్డుపెట్టే ట్యాపింగ్ బ్లాక్ వాడండి, సుత్తికి చోటు లేని గోడ దగ్గర పలకను లాగే కొక్కెం బద్ద (పుల్ బార్).

స్తంభం దగ్గర 4 అంగుళాల హోల్ సా (డ్రిల్‌కు తగిలించే గుండ్రటి రంపం) తీసుకోండి. చుట్టూ అర అంగుళం సందు సరిగ్గా వస్తుంది. రంధ్రం రెండు పలకల అతుకు మీదికి వస్తే పని తేలిక, చెరో పలకలో అర్ధచంద్రం కోస్తే చాలు. ఒకే పలక మధ్యలో పడితే రంధ్రం కోశాక పలకను రంధ్రం నడిమి నుంచి అడ్డంగా రెండు ముక్కలు చేసి, స్తంభానికి అటొకటి ఇటొకటి పెట్టి, కోత అంచుకు చెక్క జిగురు రాసి కలపండి. ఆ సందును సిలికోన్‌తో నింపకండి, రింగ్ పట్టీ కప్పండి. స్కర్టింగ్ మేకులు గోడలోకే దిగాలి. ఒక్కటి పలకలో దిగినా నేల అక్కడ బిగుసుకుపోయి, అవతలి వైపు అతుకు తెరుచుకుంటుంది. బరువైన బిగింపు కప్‌బోర్డులైతే ముందు స్లాబ్ మీదే పెట్టి, వాటి పాదాల దాకా పలకలు పరచండి.