అమెరికా అధ్యక్షుణ్ని ఎన్నుకోవాల్సింది ఓటర్లా, రాష్ట్రాలా?

న్యూజెర్సీ నాని:
పౌరసత్వం వచ్చాక మూడు అధ్యక్ష ఎన్నికల్లో ఓటేశాను. ఇంతవరకూ ఒక్కరంటే ఒక్కరు వచ్చి మా తలుపు తట్టలేదు. మా బావమరిది జార్జియా రాష్ట్రంలో, అట్లాంటా దగ్గర ఉంటాడు. ఎన్నికలొస్తే అతని ఫోన్ మోగుతూనే ఉంటుంది, పోస్టు డబ్బా నిండా కరపత్రాలే. ఇద్దరం ఓటేసేది ఒకే పదవికి. అతని ఓటుకి అంత గిరాకీ, నా ఓటు అడిగే నాథుడే లేడు. న్యూజెర్సీలో 1988 తర్వాత రిపబ్లికన్లు గెలవలేదు కాబట్టి వాళ్లకి మేం దండగ, డెమొక్రాట్లకి ఎలాగూ జేబులో ఉన్నాం.

తెలియనివాళ్ల కోసం: ప్రతి రాష్ట్రానికీ దిగువ సభలో ఎన్ని సీట్లుంటే అన్ని, పైన ఇద్దరు సెనేటర్లకి రెండు, ఇవీ ఎలక్టోరల్ ఓట్లు. వాటిని వేసే మనుషులు ఎలక్టర్లు. రాజధాని వాషింగ్టన్‌కి ఇచ్చిన 3తో కలిపి మొత్తం 538. అందులో 270 వస్తే అధ్యక్షుడు. మెయిన్, నెబ్రాస్కా తప్ప మిగతా 48 రాష్ట్రాల్లో ఒక్క ఓటు ఎక్కువొచ్చినా ఆ రాష్ట్రం ఓట్లన్నీ వాళ్లకే. అందుకే 2016లో హిల్లరీ క్లింటన్ 28 లక్షల పైచిలుకు ఓట్లు ఎక్కువ తెచ్చుకుని కూడా ఓడిపోయారు. 2000లో అల్ గోర్‌దీ అదే కథ, తేడా 5 లక్షల పైనే.

నా మాట ఒకటే. ఈ మధ్యవర్తులు వద్దు, దేశం మొత్తం ఓట్లు కలిపి లెక్కపెట్టండి. కాదనేవాళ్లు చెప్పండి, వింటాను.

బెజవాడ ప్లీడరు:
నాని గారూ, ఆ దేశం పేరులోనే రాష్ట్రాలున్నాయి. రాష్ట్రాలు కలిసి కట్టుకున్న ఇల్లు అది. అయినా మన దగ్గర మాత్రం ఓట్లన్నీ కలిపి ప్రధానిని ఎన్నుకుంటున్నామా? 2018లో కర్ణాటకలో కాంగ్రెస్‌కి 38 శాతం ఓట్లు, 80 సీట్లు. బీజేపీకి 36 శాతం, 104 సీట్లు. సీట్ల లెక్క తీసేయండని అప్పుడు ఎంతమంది అడిగారు?

అసలు చిక్కు రీకౌంటింగు. మనకున్నట్టు దేశమంతా ఎన్నికలు జరిపే ఎన్నికల సంఘం అక్కడ లేదు. ఏ రాష్ట్రం రూల్స్ ఆ రాష్ట్రానివి, లెక్కపెట్టేది కౌంటీలు, అంటే మన జిల్లాల్లాంటివి. 2000లో ఫ్లోరిడాలో 537 ఓట్ల తేడా మీద ఐదు వారాలు కొట్టుకుని సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. అది ఒక్క రాష్ట్రం. 1960లో కెనెడీకి దేశం మొత్తమ్మీద వచ్చిన ఆధిక్యం సుమారు లక్షా 12 వేలు. మీరు చెప్పిన పద్ధతే ఉండుంటే 50 రాష్ట్రాల్లో ప్రతి పెట్టె మళ్లీ తెరవాల్సి వచ్చేది. పొలానికి గట్లు ఎందుకేస్తాం? గండి పడితే ఒక మడే మునగాలని.

లెక్కల మాస్టారు:
గట్ల పోలిక బాగుంది. కానీ మీరిద్దరూ అసలు దొంగని వదిలేశారు. చిన్న రాష్ట్రాలకిచ్చే ఆ రెండు అదనపు ఓట్ల వల్లే ఇదంతా అని చాలామంది అనుకుంటారు. 2016 లెక్క వేసి చూడండి. రాష్ట్రాల వారీగా ట్రంప్‌కి దక్కినవి 306, క్లింటన్‌కి 232. ట్రంప్ గెలిచిన 30 రాష్ట్రాలకి రెండేసి తీసేస్తే 246. క్లింటన్‌కి 20 రాష్ట్రాలు, వాషింగ్టన్ కలిపి 42 తీసేస్తే 190. అయినా ట్రంపే!

దొంగ ఎవరంటే, గెలిచినవాడికే మొత్తం అనే ఆ రూలు. అది రాజ్యాంగంలో లేదు, రాష్ట్రాలు పెట్టుకున్నదే. 2020లో ట్రంప్‌కి అన్నిటికన్నా ఎక్కువ ఓట్లు వచ్చిన రాష్ట్రం ఏదో తెలుసా? టెక్సస్ కాదు, కాలిఫోర్నియా. 60 లక్షలు. బూడిదలో పోసిన పన్నీరు.

పాత పేచీ:
మాస్టారూ, ఆ తీసివేతే 2000కి కూడా వేయండి. బుష్ 271లోంచి 60 పోతే 211. గోర్ గెలిచిన 267లోంచి 42 పోతే 225. గోర్ అధ్యక్షుడు! చిన్న రాష్ట్రాల దొంగని అంత తేలిగ్గా వదలకండి. 2020 జనాభా లెక్కల ప్రకారం వ్యోమింగ్‌లో లక్షా 92 వేల మందికి ఒక ఎలక్టర్, కాలిఫోర్నియాలో 7 లక్షల 30 వేల మందికి ఒకరు.

ప్లీడరు గారి "రాష్ట్రాల ఇల్లు" పునాది సంగతి కూడా చెప్పుకోవాలి. 1787లో దక్షిణాది రాష్ట్రాల్లో బానిసలకి ఓటు లేదు. కానీ సీట్లు పంచేటప్పుడు ప్రతి ఐదుగురినీ ముగ్గురి కింద లెక్కేశారు. నేరుగా ఓట్లు పెడితే ఆ లాభం పోతుంది, ఎలక్టర్ల పద్ధతిలో అయితే అక్షరాలా దక్కుతుంది. ఫలితం? మొదటి 36 ఏళ్లలో 32 ఏళ్లు వర్జీనియా వాళ్లే అధ్యక్షులు.

లెక్కల మాస్టారు:
2000 లెక్క వేయలేదు, తప్పు నాదే. అయితే దొంగలు ఇద్దరు. పెద్ద దొంగ మాత్రం నేను చెప్పినవాడే.

అట్లాంటా అక్క:
నానీ, నీకు గిరాకీ కావాలా తమ్ముడూ? అక్టోబర్‌లో వచ్చి మా ఇంట్లో ఉండు. టీవీ పెడితే ఒకళ్లనొకళ్లు తిట్టుకునే ప్రకటనలు, భోజనానికి కూర్చుంటే ఫోన్లు. మా అత్తగారు ఇండియా నుంచి వచ్చి, ఆవిడకి ఇక్కడ ఓటే లేకపోయినా, తలుపు తట్టిన అబ్బాయికి కాఫీ ఇచ్చి అరగంట కూర్చోబెట్టారు.

ప్లీడరు గారూ, మీ గట్టు మాట మా జార్జియాలో నిలవదండీ. 2020లో బైడెన్‌కి దేశం మొత్తమ్మీద 70 లక్షల ఆధిక్యం. దాన్ని ఎవరు కదిలించగలరు? కానీ జార్జియాలో తేడా 11,779. అందుకే అందరూ మా మీద పడ్డారు. దాదాపు 50 లక్షల ఓట్లు చేత్తో మళ్లీ లెక్కపెట్టారు. లెక్కింపులో పనిచేసిన మామూలు ఉద్యోగులకి బెదిరింపులొచ్చాయి. గట్టు ఉండబట్టే, ఎక్కడ గండి కొట్టాలో అందరికీ తెలిసిపోయింది. జార్జియా, అరిజోనా, విస్కాన్సిన్ మూడూ కలిపి 43 వేల లోపు ఓట్లు. అవి అటు పడుంటే 269–269. అప్పుడు దిగువ సభలో రాష్ట్రానికో ఓటు చొప్పున తేల్చేవారు. వ్యోమింగ్‌కి ఒకటి, కాలిఫోర్నియాకీ ఒకటే!

న్యూజెర్సీ నాని:
కర్ణాటకకి నా జవాబు. 104 సీట్లతో ప్రమాణం చేసిన ముఖ్యమంత్రి మూడో రోజే రాజీనామా చేశారు, ఎందుకంటే సభలో బలం చూపించాలి. అధ్యక్షుడికి ఆ పరీక్ష లేదు. ఒకసారి కూర్చుంటే నాలుగేళ్లు. అందుకే కూర్చోబెట్టే లెక్క సరిగ్గా ఉండాలి అంటున్నా.

బెజవాడ ప్లీడరు:
ఇది మంచి పాయింటే. అక్క చెప్పినదానికి కూడా నా దగ్గర సూటి జవాబు లేదు. కానీ మార్చేదెలా? రాజ్యాంగ సవరణకి రెండు సభల్లో మూడింట రెండొంతులు, ఆపైన 38 రాష్ట్రాలు. 1969లో అలాంటి సవరణనే దిగువ సభ 338–70తో పాస్ చేసింది, మరుసటి ఏడు సెనేట్‌లో నానా సాగదీతతో చంపేశారు.

(సరదాకి: అదే 1969లో మన రాష్ట్రపతి ఎన్నిక. గిరి గారు, సంజీవరెడ్డి గారు, ఇద్దరూ తెలుగువాళ్లే. ఆత్మప్రబోధం ప్రకారం వేయండని ఇందిరా గాంధీ అన్నారు, రెండో ప్రాధాన్య ఓట్లతో గిరి గారు గెలిచారు. అమెరికా ఎలక్టర్లకి ఆ ఆత్మ కూడా ఉండనవసరం లేదు. ఇచ్చిన మాట తప్పి ఇంకొకరికి వేస్తే రాష్ట్రాలు శిక్షించొచ్చని 2020లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది.)

న్యూజెర్సీ నాని:
సవరణ లేకుండానే దారి ఉంది. రాష్ట్రాలు ఒప్పందం చేసుకుంటున్నాయి: మా దగ్గర ఎవరు గెలిచినా, దేశం మొత్తమ్మీద ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్లకే మా ఎలక్టర్లు. 270 ఓట్లున్న రాష్ట్రాలు చేరితే అమల్లోకి వస్తుంది. 2007లో మేరీలాండ్ మొదలుపెట్టింది, మా న్యూజెర్సీ 2008లో చేరింది. 2024లో మెయిన్ చేరాక లెక్క 209.

బెజవాడ ప్లీడరు:
సరే, ఒకటి అడుగుతా. 2024లో ట్రంప్‌కి దేశం మొత్తమ్మీద కూడా ఎక్కువ ఓట్లే వచ్చాయి. ఒప్పందం అమల్లో ఉండుంటే, కమలా హ్యారిస్ గెలిచిన మీ న్యూజెర్సీ 14 ఓట్లూ ట్రంప్‌కి రాసివ్వాలి. మీ వీధిలో ఊరుకునేవారా?

న్యూజెర్సీ నాని:
ఊరుకునేవారు కాదు. కోర్టుకి వెళ్లేవారు, బహుశా మా ఆవిడే ముందు. రాత్రి ఈ ప్రశ్న ఆవిడని అడిగాను, "మా ఓటు వాళ్లకెలా ఇస్తారు?" అంది. ఆ ఓటు మాది కాదు, దేశం లెక్కలో ఇప్పటికే కలిసిపోయింది అని చెప్పబోయాను. చెప్తుంటే నాకే కాస్త మెలికగా అనిపించింది. అయినా ఆ ఎన్నికలో మా వీధికి ఎవరో ఒకరు వచ్చి ఉండేవారు.

అట్లాంటా అక్క:
మా పై గది ఖాళీగానే ఉంది తమ్ముడూ. 2028 అక్టోబర్‌కి టికెట్ చూసుకో.