ఎక్స్‌ప్రెస్‌లో హెల్మెట్ చేర్చాక స్క్రిప్టులు ఆగిపోతున్నాయి

ప్రశ్న:
నమస్కారం. ఎక్స్‌ప్రెస్ (నోడ్.జేఎస్ వెబ్ ఫ్రేమ్‌వర్క్)పై నడుస్తున్న మా పాత అప్లికేషన్‌కు భద్రతా హెడర్ల కోసం హెల్మెట్ లైబ్రరీని, ఏ సెట్టింగూ మార్చకుండా, రూట్లన్నింటికంటే ముందు చేర్చాను. అప్పటి నుంచి పేజీలోనే రాసిన స్క్రిప్టులు, బటన్లకు పెట్టిన ఆన్‌క్లిక్‌లు పనిచేయడం లేదు. ఏ స్క్రిప్టులు నడవవచ్చో బ్రౌజర్‌కు చెప్పే కంటెంట్ సెక్యూరిటీ పాలసీని పూర్తిగా ఆపివేస్తే అంతా సర్దుకుంటోంది. అలా వదిలేయవచ్చునా?

సమాధానం 1:
వదిలేయకండి. హెల్మెట్ 4వ వెర్షన్ నుంచి ఈ పాలసీ డిఫాల్ట్‌గానే అమలవుతుంది. అది మీ సొంత డొమైన్ నుంచి వచ్చే స్క్రిప్టు ఫైళ్లను మాత్రమే అనుమతించి, పేజీలో ఇమిడిన స్క్రిప్టులను ఆపుతుంది. ఎందుకంటే దాడిచేసేవారు చొప్పించిన కోడ్‌కూ మీరు రాసినదానికీ బ్రౌజర్ తేడా పట్టలేదు. ప్రతి రిక్వెస్టుకూ క్రిప్టో మాడ్యూల్‌తో ఊహకందని కొత్త నాన్స్ (ఒక్కసారికే వాడే యాదృచ్ఛిక విలువ) తయారుచేసి, రెస్.లోకల్స్‌లో (ఆ రిక్వెస్టుకే పరిమితమైన చోట) ఉంచి, దానినే పాలసీలోనూ స్క్రిప్టు ట్యాగులోనూ ఇవ్వండి. ఈ పని చేసే మిడిల్‌వేర్ (రిక్వెస్టు మధ్యలో నడిచే ఫంక్షన్) హెల్మెట్‌కంటే ముందుండాలి. పేజీలో ఇమిడిన స్క్రిప్టులన్నింటినీ అనుమతించే 'అన్‌సేఫ్-ఇన్‌లైన్' అని పాలసీలో రాయడం మాత్రం తాళం వేసి తాళంచెవిని గుమ్మానికే తగిలించడం వంటిది.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండి. స్క్రిప్టులు నడుస్తున్నాయి కానీ, ఆన్‌క్లిక్‌లు ఇంకా నడవడం లేదు.

సమాధానం 2:
నాన్స్ ట్యాగులకే వర్తిస్తుంది, ఆన్‌క్లిక్ వంటి ఆట్రిబ్యూట్లకు వర్తించదు. వాటిని హెల్మెట్ వేరే నియమంతో నిషేధిస్తుంది. క్లిక్‌లను స్క్రిప్టులోంచే అందుకునే యాడ్‌ఈవెంట్‌లిజనర్‌కు మార్చుకోవడమే మేలు. పేజీలు ఎక్కువైతే, ముందు రిపోర్ట్-ఓన్లీ (దేన్నీ ఆపకుండా ఉల్లంఘనలను తెలియజేసే) పద్ధతిలో పెట్టి, కన్సోల్‌లో కనిపించే ఉల్లంఘనలను బట్టి ఒక్కొక్కటే మార్చండి. ఆ హెచ్‌టీఎంఎల్ పేజీలు సీడీఎన్‌లో (పేజీల నకళ్లను అందించే సర్వర్లలో) కాష్ అవుతున్నాయేమో కూడా చూడండి; అలా అయితే అందరికీ ఒకే నాన్స్ వెళుతుంది.