అప్‌డేట్: ఎక్సెల్‌లో శాంపిల్ వేరియన్స్ తేడా తేలింది, సమస్య ఒక్క సెల్‌లోనే

చిత్తూరు మండీలో తూచిన ఐదు తోతాపురి కాయల బరువులకు (380, 400, 410, 430, 480 గ్రాములు) చేత్తో లెక్కిస్తే శాంపిల్ వేరియన్స్ (శాంపిల్‌లోని బరువులు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే లెక్క) 1450, ఎక్సెల్‌లో దాన్ని లెక్కించే వార్.ఎస్ (VAR.S) ఫంక్షన్ ఇస్తే 433.33 వస్తోందని అడిగాను కదా. దారి తేలింది. సాయం చేసిన అన్నలకూ అక్కలకూ చాలా థ్యాంక్స్.

పనికొచ్చింది 'ముందు కౌంట్ ఫంక్షన్ పెట్టి చూడు' అన్న సలహా. అంకెలున్న సెల్స్ ఎన్నో చెప్పే ఆ ఫంక్షన్ పెడితే, 5 రావాల్సిన చోట 4 అని వచ్చింది! వాట్సాప్ నుంచి కాపీ చేసిన 480 వెనక కనిపించని స్పేస్ ఒకటి ఉంది. దాంతో ఎక్సెల్ దాన్ని అంకెగా కాక టెక్స్ట్‌గా తీసుకుంది, వార్.ఎస్ దాన్ని వదిలేసింది. టెక్స్ట్ మామూలుగా సెల్‌లో ఎడమకు జరిగి ఉంటుంది. మా షీట్‌లో అన్నీ మధ్యకు సర్దేసి ఉండటంతో కంటికి ఆనలేదు. అదనపు స్పేస్‌లు తీసేసే ట్రిమ్ ఫంక్షన్‌కి ఆ స్పేస్ పోలేదు, అది మామూలు స్పేస్ కాదట. దాన్నే కాపీ చేసి రీప్లేస్‌లో ఖాళీతో మార్చాక సరిగ్గా 1450 వచ్చింది.

వార్.పి (VAR.P) ఫంక్షన్ వాడమన్న సలహాకు దీనితో సంబంధం లేదు. అది మొత్తం కాయలన్నీ మన దగ్గరే ఉన్నప్పుడు వాడేది, ఎన్‌తో (కాయల సంఖ్యతో) భాగిస్తుంది, ఇక్కడైతే 1160 వస్తుంది. మనది శాంపిల్, ఎన్ మైనస్ 1తోనే భాగించాలి. వార్‌ఏ (VARA) అనే ఇంకో ఫంక్షన్ మాత్రం ఇలాంటి చోట అస్సలు వద్దు: టెక్స్ట్ సెల్‌ని సున్నాగా లెక్కేసి 33130 చూపించింది. పాత ఎక్సెల్ ఉన్నవాళ్లకు వార్.ఎస్ దొరక్కపోతే వార్ అని ఇవ్వండి, లెక్క అదే.