నెల్లూరు ఎండకి కరగని సాలిడ్ పెర్ఫ్యూమ్ ఉందా?

రోజూ కావలి నుంచి నెల్లూరుకి రైల్లో ఆఫీసుకి వెళ్తాను. స్ప్రే కొడితే పక్కవాళ్లకి తుమ్ములు. అందుకని ఫ్రెంచ్ తరహా సాలిడ్ పెర్ఫ్యూమ్ (మైనం, నూనెల్లో సెంటు కలిపి గట్టిపరిచింది, వేలితో రాసుకునేది) చిన్న డబ్బా ఒకటి తెప్పించాను. మొన్న దాన్ని స్కూటీ డిక్కీలో మర్చిపోయానా, సాయంత్రానికి నెయ్యిలా కారి హ్యాండ్‌బ్యాగంతా జిడ్డు! తేనెమైనం 60 డిగ్రీలు దాటితేగానీ కరగదు కదా, ఇందులో నూనె వాటా ఎక్కువేమో.

మైనం ఎక్కువుండి గట్టిగా నిలిచేది, 300–400 రూపాయల్లో దొరికేది ఎవరైనా వాడుతున్నారా? జాజి వాసనైతే మరీ మంచిది (ఫ్రాన్స్‌లోని గ్రాస్ ఊళ్లో సెంటుకి పండించేదీ మన జాజే). వనిల్లా మాత్రం వద్దు, బేకరీలో కూర్చున్నట్టుంటుంది. మణికట్టుకి రాస్తే చెమటకి గంటలో పోతోంది. చెవి వెనక రాస్తే ఆగుతుందా? ట్రంకు రోడ్డులో వాసన చూసి కొనుక్కునే షాపుంటే అదీ చెప్పండి.